35 దినముల గవర్నరు

మా యింట రాత్రి భోజనములైన పిమ్మట ఒక గంటసేపు పుస్తకము చదువుట వాడుక. చదువునది మా మనుమరాలు. వినువారము మేమును, మా గృహిణియు. కన్నులు మందగించిన నాటినుండి మాకు ఈ గంటయే బడి. గత మాసమున అమెరికా చరిత్ర చదువుచుండగా లూసియానా రాష్ట్రపు గవర్నర్ల పట్టిక వచ్చినది. పట్టికలనిన ఆ పిల్లకు విసుగు. వ్రేలితో జారవిడుచుచు పోవుచు ఒకచోట ఆగినది. అందరి పేర్ల కెదుటను సంవత్సరములు నిలువగా, ఒక్క పేరు ముందు మాత్రము కొలది దినములు కలవు: 1872 డిసెంబరు 9 మొదలు 1873 జనవరి 13 వరకు. ప్రక్కన 'తాత్కాలిక' అని యొక మాట.

"తాతగారూ, ఈయన గవర్నరా, కాదా?" అని అడిగెను.

"తాత్కాలికపువారు లెక్కలోనికి రారమ్మా. తరువాతి పేరు చదువు" అంటిమి.

ఆ మాట మా నోట అంత సులభముగా వచ్చినందులకు ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణము పిమ్మట మనవి చేసెదము. మొదట ఆ పేరుగల మనుష్యుని గూర్చి చదువరులకు చెప్పవలసియున్నది; ఏలయన మరునాటినుండి మూడు వారములు మా యింట ఆయన కథ తప్ప వేరొకటి చదువబడలేదు.

పింక్నీ బెంటన్ స్టీవర్ట్ పించ్‌బ్యాక్ 1837 మే 10వ తేదీన జార్జియాలో పుట్టెను. తండ్రి మిసిసిపీలో భూములుగల తెల్లదొర. తల్లి ఎలైజా స్టీవర్ట్ ఆ దొరయొద్ద బానిసయై యుండి విడుదల పొందిన స్త్రీ. ఆనాటి చట్టము ప్రకారము బిడ్డకు వచ్చునది తల్లి స్థితియే గాని తండ్రిది కాదు. ఆమె విడుదలయైన పిదప పుట్టెను గనుక ఈ బిడ్డ స్వతంత్రుడు. ముందే పుట్టియున్నచో సొంత తండ్రి ఆస్తిజాబితాలో ఎద్దుల ప్రక్కను, నాగళ్ల ప్రక్కను చేరియుండెడివాడు. పదేండ్ల వయస్సు రాకమున్నే అన్నతోగూడ ఒహాయో రాష్ట్రమున సిన్సినాటి నగరమునకు చదువునకై పంపబడెను. 1848లో తండ్రి చనిపోయెను. తండ్రి బంధువులు తమ్ము మరల బానిసత్వములోనికి లాగుదురను భయముచే తల్లి తక్కిన పిల్లలతో సిన్సినాటి చేరెను. అన్నకు మతి చలించినది. పండ్రెండేండ్ల పింక్నీ కాలువ పడవలపై నెలకు 8 డాలర్ల జీతమునకు పనికుర్రడై కుటుంబమును పోషింపసాగెను.

తరువాత మిసిసిపీ, మిస్సోరీ, రెడ్ నదులపై తిరుగు స్టీమర్లలో పని దొరకినది. క్రమముగా భోజనశాల అధికారియై, నల్లవానికి ఆ నీటిమీద దొరకదగిన మెట్లలో పై మెట్టు ఎక్కెను. ఆ ఓడలమీద పేకాటరాయుళ్లు వేషములు మార్చుకొని ప్రయాణికులను కొల్లగొట్టుచుండిరి. వారిలో ఒకడు ముసలితనమున తన జ్ఞాపకములు వ్రాసికొనుచు, ఈ పింక్నీ మా సేవకుడే, మా విద్యలు మాయొద్దనే నేర్చినవాడే యని చెప్పుకొనెను. జూదమును గర్హించు మా చదువరులకు ఇది రుచింపదని యెరుగుదుము. మా గృహిణికిని రుచింపలేదు, "ఇట్టివాని కథయా పిల్లచేత చదివించుట?" అనెను. కాని చరిత్ర మన కొరకు మనుష్యులను ఉతికి ఆరవేసి పంపదు గదా.

ఆయన మేనిఛాయ తెలుపు. ఎరుగని యూరిలో దిగినచో ఎవరును నల్లజాతివాడని అనుకొనరు. ఆయన సోదరీమణులలో ఒకతె, ఇక తెల్లవానివలె బ్రదుకుమని, ఈ జాతితో సంబంధము వదలుకొమ్మని హితవు చెప్పుచు జాబు వ్రాసెను. ఆ జాబునందలి హితవు చెడ్డదని మేమనజాలము. నాలుగు వంతుల మంది దానినే పాటించియుందురు. ఆయన పాటింపలేదు. అంతర్యుద్ధము జరుగుచుండగా 1862లో తిరుగుబాటుదారుల కావలి దాటి న్యూ ఆర్లియన్సు చేరి, నల్లజాతి సైనికులను కూడగట్టి, లూసియానా స్వదేశీ దళములలో ఒక పటాలమునకు కెప్టెనయ్యెను. బానిసత్వమును తొలగింపబోవు సైన్యములోనే నల్ల అధికారులకు పదోన్నతి లేదు. తెల్ల సిపాయి వారికి సలాము చేయడు. పైయధికారులు వారిని ఒక్కొక్కరినే వెళ్లగొట్టుచుండిరి. 1863 సెప్టెంబరులో ఆయన రాజీనామా నిచ్చి బయటికి వచ్చెను.

యుద్ధము ముగిసి, ఓడిన దక్షిణ రాష్ట్రములలో క్రొత్త రాజ్యాంగములు వ్రాయవలసివచ్చినది. లూసియానాలో ఆ సభ 1867 నవంబరునందు న్యూ ఆర్లియన్సున మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అను భవనమున కూడెను. ఈ భవనమును చదువరులు గుర్తుంచుకొనవలెను. 1866 జూలై 30వ తేదీన నల్లవారికి ఓటు కావలెనని సభ చేసికొనుటకు వచ్చినవారిని పదులకొలది ఇక్కడనే, దీని ముంగిటనే చంపివేసిరి. ఏడాది దాటి నాలుగు నెలలు గడచినంతనే అదే నేలమీద నల్లవారును తెల్లవారును ఇంచుమించు సమాన సంఖ్యలో కూర్చుండి రాజ్యాంగము వ్రాసిరి. బండ్లలో, ఓడలలో, ప్రజలందరి కొరకు తెరచియుంచిన స్థలములలో జాతిభేదము పాటింపరాదను 13వ అధికరణమునకై పట్టుబట్టినవారిలో పించ్‌బ్యాక్ ముఖ్యుడు. పన్నెండేండ్లనుండి ఓడలమీద ఇతరుల విస్తళ్లు తీసినవాడు గనుక, ఏ బల్లవద్ద ఎవరు కూర్చుండవచ్చుననునది ఆయనకు పుస్తకములలో చదివిన ప్రశ్న కాదు.

1868లో రాష్ట్ర సెనేటునకు నిలిచెను. మొదట ఓడినట్లు ప్రకటించిరి. ఆయన తగవు పెట్టగా విచారణానంతరము స్థానమిచ్చిరి. కుర్చీకొరకు తగవు పెట్టుట ఆయన జీవితమున ఇది మొదటిది మాత్రమే. సెనేటరుగా ఉండగా వార్తాపత్రిక నడపెను, ప్రత్తి వ్యాపారము చేసెను, ధనము గడించెను. నగరపు ఉద్యానవనమునకు కొన్న భూమి విషయమున లాభము పొందెనను అపవాదు ఆయనను కడవరకు వెంటాడెను. దానిని మేము కప్పిపుచ్చము. ఆ కాలపు లూసియానాలో చేతులు తడుపుకొనని నాయకుడు అరుదని చెప్పుట నిజమే గాని, అది సమర్థన కాజాలదు. అదే పాపము చేసిన తెల్ల నాయకుల పేర్లు వీథులకు పెట్టి, ఈయన పేరు వచ్చినప్పుడు మాత్రము అపవాదును ముందు పెట్టుటయు న్యాయము కాదు.

ఇక్కడ చట్టము కొంత వివరింపవలెను. మన దేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును; అమెరికాలో గవర్నరును రాష్ట్రప్రజలే యెన్నుకొందురు. ఆయన తరువాతివాడు ఉపగవర్నరు. ఆనాటి లూసియానాలో ఆయనయు ప్రజలెన్నుకొన్నవాడే, సెనేటు సభకు అధ్యక్షుడు. గవర్నరు రాష్ట్రము విడిచి పోయినను, మరణించినను, అభిశంసనకు లోనైనను ఉపగవర్నరు పని చూచును. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణింపగా ఉపరాష్ట్రపతి వి.వి. గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతియైన సంగతి పెద్దలకు జ్ఞప్తియందుండును. గిరిగారు ఆ యేడే యెన్నికలో గెలిచి 'తాత్కాలిక' అను మాటను తుడిచివేసికొనిరి. అందరికిని ఆ యవకాశము రాదు.

లూసియానాకు అప్పటి ఉపగవర్నరు ఆస్కార్ డన్. బానిసగా పుట్టినవాడు, 1868లో ఎన్నికై, దేశమంతటిలో ఆ పదవినందిన మొదటి నల్లజాతివాడయ్యెను. నిక్కచ్చి మనిషి. 1871 నవంబరు 22న హఠాత్తుగా మరణించెను. సెనేటు సభ్యులు స్వల్పాధిక్యముతో పించ్‌బ్యాకును తమ అధ్యక్షునిగా నెన్నుకొనిరి. అందుచే ఉపగవర్నరు పని ఆయనకు సంక్రమించినది.

గవర్నరు హెన్రీ క్లే వార్మత్ తెల్లవాడు, ఉత్తరదేశపు సైన్యముతో వచ్చి యిరువదియారేండ్లకే గవర్నరైన చతురుడు. మొదట నల్లవారి ఓట్లతో గద్దె యెక్కి, 1872 నాటికి వారి ప్రత్యర్థులతో చేయి కలిపెను. ఆ యేడు ఎన్నికల ఓట్లు లెక్కించు అధికారమును తన చేతినుండి తప్పించు బిల్లులు సభ ఆమోదించినను సంతకము చేయక త్రొక్కిపట్టెను. అప్పుడు జరిగిన రైలు పందెమును విని మా మనుమరాలు చేతులు చరచినది. 1872 సెప్టెంబరున వార్మత్ న్యూయార్కులో నుండెను. పించ్‌బ్యాకును అక్కడనే యుండెను. గవర్నరు రాష్ట్రమున లేనప్పుడు ఉపగవర్నరే గవర్నరు గదా! అతనికంటె ముందు లూసియానా గడ్డపై కాలు మోపినచో ఆ బిల్లులపై తాను సంతకము చేయవచ్చును. రహస్యముగా రైలెక్కెను. సంగతి తెలిసి వార్మత్ తంతులు కొట్టించుచు, ప్రత్యేక రైళ్లు కట్టించుకొనుచు వెంటబడెను. వేయి మైళ్లకు పైబడిన ప్రయాణము. ముందున్నవాడు ముందే యుండెను. మిసిసిపీలో కాంటన్ అను స్టేషనుచేరగా, మీకు తంతి వచ్చినదని యెవరో పించ్‌బ్యాకును పిలిచిరి. తంతి గదిలోనికి పోయెను. వెనుక తలుపు మూసి తాళము పడినది. ఆయన రైలు ఆయనను వదలి పోయినది. ఆయన వెలికి వచ్చువేళకు వార్మత్ అచ్చటికి వచ్చియుండెను. బిల్లులు సంతకము లేకయే నిలిచిపోయినవి.

మా పిల్ల చేతులు చరచుట మానెను. "తాళము వేసినవారిని ఏమి చేసిరి?" అని అడిగెను. ఏమి చేయుదురు?

నవంబరు ఎన్నికలు జరిగినవి. రిపబ్లికను పక్షమున కెల్లాగ్, ఎదిరిపక్షమున మెక్‌ఎనెరీ. ఇరువురును మేమే గెలిచితిమనిరి. లెక్క చూచుటకు రెండు మండలులు, కూర్చుండుటకు రెండు శాసనసభలు. డిసెంబరు 8వ తేదీ రాత్రి వార్మత్ తన యింటికి వచ్చి, సెనేటును తన చెప్పుచేతలలో నడిపినచో 50 వేల డాలర్లును, ఉద్యోగములు పంచిపెట్టు అధికారమును ఇత్తునని చెప్పినట్లు పించ్‌బ్యాక్ బహిరంగముగా వెల్లడించెను. ఆ ధనము ఆయన ముట్టలేదు. మరునాడు ప్రతినిధిసభ వార్మత్‌పై అభిశంసన తీర్మానము చేసెను. విచారణ ముగియువరకు గవర్నరు అధికారము నిలిచిపోవలెనని చట్టము. బానిస గర్భమున పుట్టినవాడు, పండ్రెండేండ్లకు పడవలపై పని చేసినవాడు, ఆ సాయంకాలమునకు ఒక అమెరికా రాష్ట్రపు గవర్నరయ్యెను. అంతకుముందు ఆ దేశములో ఏ నల్లజాతివాడును ఆ బాధ్యతను ఇట్లు చేపట్టి నడపలేదు. రాష్ట్ర శాసనభవనము అప్పుడు ఏదనుకొనుచున్నారు? ఆ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూటే. ఆరేండ్లక్రింద నెత్తురు కడిగిన మెట్లు.

చట్టము కుర్చీ నిచ్చుటకు ఒక్క దినము చాలినది. చుట్టునున్నవారు ఇచ్చుట వేరు సంగతి. వార్మత్ అధికారము వదలనని ప్రకటించెను. కారొండెలెట్ వీథిలోని ఆయుధాగారమును పట్టుకొనియున్న రాష్ట్రసేన ఈ గవర్నరు ఆజ్ఞను పాటింపననెను. వారి తుపాకులును రాష్ట్రమువే, వారి జీతములును రాష్ట్రమువే. గవర్నరు మాత్రము మాకు గవర్నరు కాడని వారి వాదము. బెదిరింపు జాబులు వచ్చినవి. అధ్యక్షుడు గ్రాంట్ ప్రభుత్వము పించ్‌బ్యాకునే న్యాయమైన అధికారిగా గుర్తించుచున్నామని డిసెంబరు 12న తంతి పంపినది. తుదకు ఆయుధాగారములోనివారు కేంద్రపు సైనికులకు లొంగిరి. ఆ భేదమును చదువరులు గమనింపుడు. గవర్నరుకు లొంగలేదు, పరాయిసేనకు లొంగుట వారికి అవమానము కాలేదు.

ఈ 35 దినములలో ఆయన యేమి చేసెనని ప్రశ్నింపవచ్చును. పది బిల్లులు చట్టములైనవి. కార్యాలయములు నడచినవి. క్రొత్త గవర్నరు వచ్చువరకు ప్రభుత్వము కూలిపోక నిలిచినది. ఇంతకుమించి ఘనకార్యములు లేవు. 35 దినములలో ఎవరు చేయగలరు? వార్మత్ పదవీకాలమే ముగిసిపోవుటచే అతని విచారణ ఏ తీర్పును లేక ఆగిపోయినది. తీర్పు రాలేదు గనుక పించ్‌బ్యాక్ పేరు ప్రక్కనున్న 'తాత్కాలిక' అను మాటయు తొలగలేదు. 1873 జనవరి 13న ఆయన కెల్లాగునకు అధికార మప్పగించెను. ఎదిరిపక్షమువారు మెక్‌ఎనెరీచే వేరుగా ప్రమాణము చేయించుకొనిరి. ఆ రెండు ప్రభుత్వముల తగవు ఏప్రిలు 13న కోల్‌ఫాక్స్ అను పల్లెలో పదులకొలది నల్లవారి హత్యాకాండగా పరిణమించినది.

అదే 1873లో పూనాలో జ్యోతిరావు ఫూలే 'గులాంగిరీ' యను గ్రంథమును ప్రకటించి, నల్లవారిని బానిసత్వమునుండి విడిపించుటకు పాటుపడిన అమెరికా ప్రజలకు దానిని అంకితమిచ్చెను. తన దేశమువారు వారిని చూచి నేర్చుకొనవలెనని ఆయన యాశ. ఆ యంకితమును వ్రాసినవాడు కోల్‌ఫాక్సును గూర్చి వినియుండెనో లేదో.

పించ్‌బ్యాక్ అప్పటికే కేంద్ర ప్రతినిధిసభకు ఎన్నికైనట్లు ప్రకటింపబడియుండెను. రాష్ట్ర శాసనసభ ఆయనను కేంద్ర సెనేటునకుగూడ ఎన్నుకొనెను. రెండింటికిని తగవులు లేచినవి. ప్రతినిధిసభ ఆ స్థానమును ప్రత్యర్థికిచ్చెను. సెనేటు గుమ్మమున మూడేండ్లు నిలువబెట్టిరి. మిసిసిపీనుండి వచ్చిన నల్లజాతి సెనేటరు బ్లాంచ్ బ్రూస్ 1876 మార్చిలో ఆయన పక్షమున గట్టిగా మాటలాడెను. 8వ తేదీన ఓట్లు తీసికొనగా 32 మంది వలదనిరి, 29 మంది కావలెననిరి. కుర్చీ లేకపోయినను, ఇన్నాళ్లు వేచియున్నందులకు జీతభత్యములక్రింద సుమారు 16 వేల డాలర్లిచ్చిరి. డబ్బిచ్చుటకు వారికి కష్టము తోచలేదు.

1877లో కేంద్రపు సైన్యములు వెడలిపోయినవి. పించ్‌బ్యాక్ గెలిచిన తెల్లపక్షముతో రాజీపడెను. ఇందులకు ఆయన జాతివారే ఆయనను నిందించిరి. ఆ రాజీవలన లభించిన ఫలము ఒకటి నేటికిని కలదు: 1879 నాటి రాజ్యాంగసభలో ఆయనయు, మరికొందరును పట్టుబట్టి నల్లవారికొక కళాశాలను సాధించిరి, అదియే 1880లో స్థాపితమైన సదరన్ విశ్వవిద్యాలయము. పదునొకండేండ్లకు ముందు అందరును ఒకే బడిలో చదువవలెనని రాజ్యాంగమున వ్రాసిన సభలో కూర్చున్నవాడే ఇప్పుడు వేరుబడి చాలునని అంగీకరించెను. ఓడినవాని తెలివియా, ఓపిక తీరినవాని నీరసమా యని మేము చాలసేపు తర్కించుకొంటిమి. మా గృహిణి మాత్రము "పిల్లలు చదువుకొనిరా, లేదా?" అని ఒక్క ప్రశ్న వేసి లోనికి పోయెను. ఆయన తానును అక్కరకు వచ్చునని న్యాయశాస్త్రము చదివి, దాదాపు యేబదియేండ్ల వయస్సున, 1886లో వకీలయ్యెను.

ఆ పిమ్మటి కథ త్వరగా ముగింతుము, చదువుటకును కష్టము. 1890లో లూసియానా శాసనసభ రైళ్లలో నల్లవారికి వేరు పెట్టెలు ఏర్పరచెను. 13వ అధికరణము నానాడు చెత్తబుట్టలో నుండెను. ప్లెసీ యను నతడు 1892లో తెల్లవారి పెట్టెలో కూర్చుండి అరెస్టయ్యెను. 1896లో దేశపు అత్యున్నత న్యాయస్థానము వేరు పెట్టెలు న్యాయమే యనెను. 1898 నాటి క్రొత్త రాజ్యాంగమున, 1867కు పూర్వము తండ్రికో తాతకో ఓటున్నవారికి చదువు, ఆస్తి పరీక్షలు లేవని వ్రాసిరి. బానిసలకు ఓట్లెక్కడివి? 1896లో ఆ రాష్ట్రమున ఓటర్ల జాబితాలో 1,30,334 మంది నల్లవారుండిరి; 1900 నాటికి 5,320; 1904 నాటికి 1,342. ఈ మూడంకెలను మా మనుమరాలు రెండుసార్లు చదివినది, అచ్చుతప్పేమో యని.

పించ్‌బ్యాక్ కాపురము అప్పటికి వాషింగ్టన్ నగరమునకు మారియుండెను. అచట పెద్దయిల్లు, గుర్రపుబండి, విందులు. క్రమముగా తరిగిన ధనము. కుమార్తెకు పుట్టిన బాలుడు ఆ యింట తాతయొద్ద పెరిగెను. అతడే 1923లో 'కేన్' అను గ్రంథమును ప్రకటించిన జీన్ టూమర్. చోద్యమేమనగా, ఆ మనుమడు తన తాతకు నిజముగా నల్లరక్తమున్నదా, లేక పదవులకై అట్లు చెప్పుకొనెనా యని సందేహము వెలిబుచ్చెను. సోదరి జాబును త్రోసివేసి జీవితమంతయు వెలయిచ్చుకొన్న సంగతిని సొంత మనుమడే నమ్మలేదన్నమాట. 1921 డిసెంబరు 21న పించ్‌బ్యాక్ మరణించెను. ఎనుబదినాలుగేండ్లు. శవమును న్యూ ఆర్లియన్సునకు కొనిపోయి మెటెయిరీ శ్మశానమున నుంచిరి.

ఆయన తరువాత మరొక నల్లజాతివాడు అమెరికాలో ఏ రాష్ట్రమునకైనను గవర్నరగుట ఎప్పుడు? 1990లో. వర్జీనియాలో డగ్లస్ వైల్డర్. ఆయనయు మొదట రాష్ట్ర సెనేటరు, పిమ్మట ఉపగవర్నరు. కాని ప్రజలే గవర్నరుగా నెన్నుకొన్నవాడు గనుక పేరు ప్రక్కన చిన్నమాట లేదు. ప్రమాణము చేసిన దినము జనవరి 13. సరిగా 117 ఏండ్లు.

ఇక మేము దాచియుంచిన సంగతి.

ఇప్పటికి ముప్పదియేండ్లకు పైనైనది. మేము ఒక ఉన్నతపాఠశాలలో చరిత్ర బోధించుచుంటిమి. వీరేశలింగము పంతులుగారి జయంతికి ఉపన్యాసమిచ్చుట యేటేట మా వంతు. ప్రధానోపాధ్యాయులు బదిలీయై పోయిరి, క్రొత్తవారు రాలేదు. మాలో సీనియరు లెక్కల మాస్టారు. దళితులు. నియమము ప్రకారము ఇన్‌చార్జి బాధ్యత వారిదయ్యెను. ఉదయమున ఉపాధ్యాయులందరును ప్రధానోపాధ్యాయుని గదిలోనికి పోయి, వారి బల్లమీది హాజరుపట్టీలో సంతకము చేయుట పద్ధతి. మొదటి దినమున ఇద్దరు పెద్దమాస్టర్లు అటెండరును పంపి హాజరుపట్టీని స్టాఫురూముకు తెప్పించుకొనిరి. ఎవరును ఏమియు అనలేదు. పట్టీ బల్లపై తిరిగినది. మా వంతు వచ్చినప్పుడు మేమును కలము తీసితిమి. మనస్సున ఏదో తోచినమాట నిజమే. మేము మొదలుపెట్టలేదు గదా యని సరిపెట్టుకొంటిమి. రెండవనాడును అంతే.

మూడవనాడు అటెండరు పోకమున్నే లెక్కల మాస్టారే పట్టీని చంక పెట్టుకొని వచ్చిరి. బల్లమీద పెట్టి, "సంతకములు చేయండి, మాస్టారూ" అని మాతోనే యనిరి. మేము గుమ్మమునకు దగ్గరగా కూర్చుంటిమి గనుక మాతో ననిరో, జయంతి ఉపన్యాసము మాది గనుక ననిరో యెరుగము. వారి ముఖమున కోపము లేదు. ఆ దినమునుండి క్రొత్తవారు వచ్చువరకు, నలువది దినములు, వారే తెచ్చిరి, వారే కొనిపోయిరి. క్రొత్త ప్రధానోపాధ్యాయులు చేరిన ఉదయమున హాజరుపట్టీ గదిలోని బల్లమీదనే యుండెను. మేమందరమును వరుసగా లోనికి పోయి సంతకములు చేసితిమి.

ఇదంతయు మా మనుమరాలితో చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "మీరొక్కరును వారి గదిలోనికి పోయి సంతకము చేసి యుండవచ్చును గదా, తాతగారూ?" అనెను.

మొన్న ఒక వివాహమునకు ఆ యూరు పోవలసివచ్చినది. బడికి సెలవు, కావలివాడు మమ్ము గుర్తించి లోనికి రానిచ్చెను. ప్రధానోపాధ్యాయుని గది గోడకు నల్లపలకపై తెల్లరంగుతో వ్రాసిన పేర్ల పట్టిక నేటికిని కలదు. చేరిన తేదీ, వెళ్లిన తేదీ. మా కాలమునాటి వరుసలు వెదకితిమి. ఒకరు వెళ్లిన తేదీకిని, తరువాతివారు చేరిన తేదీకిని నడుమ నలువది దినములు కలవు. అక్కడ పేరు లేదు. కావలివాని నడిగి సుద్దముక్క తెప్పించి, ఆ రెండు వరుసల మధ్య పట్టినంత చోటున లెక్కల మాస్టారి పేరు చిన్నయక్షరములతో వ్రాసితిమి. రంగుతో వ్రాయించుటకు ఎవరి అనుమతి కావలెనో కనుగొనుటకై ఈ వారము ఒక అర్జీ వ్రాయుచున్నాము.